కంప్యూటర్ మంచిదే, కేబుల్ మంచిదే, రెండూ కలిస్తేనే తేడా: శ్రీకాకుళంలో ఒక ఆఫీసు నెట్‌వర్క్ కేసు

శ్రీకాకుళం టౌన్‌లో చిన్న ఆఫీసులకి నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. కేబుల్ లాగడం, స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) పెట్టడం, చెడితే వెళ్లి చూడటం. ఈ కేసు రాయడానికి కారణం ఉంది. ఇందులో నేను విడివిడిగా పరీక్షించిన ప్రతి వస్తువూ పాసైంది, అయినా ఐదు కంప్యూటర్లు పనిచేయలేదు. ఆఫీసు పేరు, వీధి, మనుషుల వివరాలు తీసేశాను. సీట్ల లెక్క, కేబుళ్ల లెక్క మాత్రం ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. చివరికి దారి చూపింది ఆ లెక్కే.

నేపథ్యం

అది క్లయింట్ల లెక్కలు రాసి పన్ను రిటర్నులు వేసే ఆఫీసు. పాత డాబా ఇంటిని ఆఫీసుగా మార్చుకున్నారు. ముందు హాలు, పక్కన రెండు గదులు, వెనక ఒక గది, మొత్తం 12 సీట్లు. వాళ్లు సర్వర్ అని పిలిచేది స్విచ్ పక్కనే పెట్టిన ఒక మామూలు డెస్క్‌టాప్. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటా అంతా దాన్లోనే ఉంటుంది, అందరూ నెట్‌వర్క్ మీదే తెరుస్తారు. కాబట్టి కనెక్షన్ ఒక్క క్షణం తెగినా వోచర్ ఎక్కిస్తున్న మనిషి పని మధ్యలో ఆగిపోతుంది, డేటా పాడవుతుందేమోనన్న టెన్షన్ వేరే.

పైగా వాళ్లకి తేదీలతో పని. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకి 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి జీఎస్‌టీఆర్-3బీ పడాలి. నాకు ఫోన్ వచ్చింది 8వ తేదీన.

12 కంప్యూటర్లలో ఐదు పాతవి. వాటి ల్యాన్ పోర్టు, అంటే నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే చోటు, 100 ఎంబీపీఎస్ (సెకనుకి పది కోట్ల బిట్లు) వేగం వరకే వెళ్తుంది. మిగతా ఏడు సంక్రాంతి ముందు కొన్నవి, దానికి పది రెట్లు వేగమైన గిగాబిట్ పోర్టు ఉన్నవి. కొన్న దగ్గర్నుంచి మే దాకా ఏ ఇబ్బందీ లేదు. మేలో ఒక రాత్రి పిడుగులతో గాలివాన కొట్టింది. పొద్దున చూస్తే 16 పోర్టుల పాత స్విచ్‌లో నాలుగు పోర్టులు చనిపోయి ఉన్నాయి. దాని బదులు 24 పోర్టుల కొత్త గిగాబిట్ స్విచ్ కొని పెట్టుకున్నారు. గొడవ మొదలైంది ఆ రోజు నుంచే.

వచ్చిన సమస్య

ఐదు సీట్లలో కంప్యూటర్‌కి నెట్‌వర్క్ అందడం లేదు. స్క్రీన్ మీద కేబుల్ ఊడిపోయిందని వస్తుంది. చూస్తే కేబుల్ గట్టిగానే ఉంటుంది. ఒక్కోసారి నిమిషమో రెండు నిమిషాలో ఆగితే అదే కలుస్తుంది, పని సాగుతుంది. మనిషి టీకి వెళ్లి వచ్చేసరికి కంప్యూటర్ స్లీప్‌లోకి పోయి ఉంటుంది, లేపితే కనెక్షన్ మళ్లీ ఉండదు.

నాకంటే ముందు కంప్యూటర్లు అమ్మిన షాపు వాళ్లు వచ్చారు. ప్యాచ్ కార్డులు (కంప్యూటర్ నుంచి గోడ జాక్ దాకా ఉండే పొట్టి కేబుళ్లు) మార్చారు, డ్రైవర్లు మళ్లీ వేశారు, స్విచ్‌ని కూడా ఇంకోదానితో మార్చి చూశారు. తేడా రాలేదు. చివరికి ఒక కంప్యూటర్‌కి చవక రకం యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ తగిలిస్తే వెంటనే కలిసింది. దాంతో కంప్యూటర్‌లోని ల్యాన్ పోర్టే పోయిందని తేల్చి, ఐదింటికీ వారంటీ కింద బోర్డులు మార్పిద్దామన్నారు. అప్పటికి వాళ్ల దగ్గరున్న సాక్ష్యానికి ఆ నిర్ణయం తప్పనలేం. ఆ అడాప్టర్ 100 ఎంబీపీఎస్ రకమని మాత్రం ఎవరూ చూడలేదు. నేనూ ఆ రోజు చూడలేదు.

ఆఫీసులో చాలా ఏళ్లుగా ఉన్న పెద్ద గుమస్తాగారు ఒక మాటన్నారు: "మేస్టారూ, పాత పెట్టె మీద ఇన్నేళ్లూ పనిచేసినాయి. కొత్తది పెట్టిన కాణ్ణుంచే ఇలాగైపోనాది. దీనికీ దానికీ ఏటో పడటం లేదు." స్విచ్ ఒకసారి మార్చి చూశారు కదా, స్విచ్ తప్పు కాదని నేను ఆ మాటని అక్కడే వదిలేశాను. కానీ ఆయన చెప్పింది స్విచ్ చెడిందని కాదు. పడటం లేదని.

మొదటి రోజు

పుస్తకంలో 12 గీతలు గీసి ఒక్కో సీటుకి మూడు విషయాలు రాసుకున్నాను: కంప్యూటర్ పాతదా కొత్తదా, కలుస్తోందా లేదా, స్విచ్ మీద దీపం ఏ రంగు. ఆ స్విచ్‌లో ఆకుపచ్చ వెలిగితే గిగాబిట్, పసుపు వెలిగితే 100.

పాతవి ఐదూ పసుపు, బాగున్నాయి. కొత్త ఏడింటిలో రెండు ఆకుపచ్చ, బాగున్నాయి. మిగతా ఐదింటికి దీపం లేదు, ఎప్పుడైనా కలిసినప్పుడు పసుపు. అన్నీ ఒకే మోడల్, ఒకే రోజు కొన్నవి. ఒకే మోడల్లో రెండు బాగుండి ఐదు చెడటమంటే కంప్యూటర్ మీద కంటే సీటు మీద అనుమానం పెరగాలి. అందుకని సీట్లు మార్చి చూశాను. చెడిన కొత్త కంప్యూటర్‌ని తీసుకెళ్లి బాగున్న సీటులో పెట్టాను. ఆకుపచ్చ వెలిగింది, ఎంత లాగినా తెగలేదు. అంటే కంప్యూటర్ మంచిదే. చెడిన సీటు దగ్గరికి ఒక పాత కంప్యూటర్ తెచ్చాను. పసుపు వెలిగింది, అదీ బాగుంది. అంటే సీటు కూడా మంచిదే.

నేను తప్పటడుగు వేసింది ఇక్కడే. పాత కంప్యూటర్ పనిచేసింది కాబట్టి గోడలోని తీగ మంచిదని రాసేసుకున్నాను. కేబుల్‌లో ఏ తీగ అందుతోందో చూపే టెస్టర్ బ్యాగులో ఉంది, కానీ తీయలేదు. ఐఓ బాక్సులు, అంటే గోడకుండే నెట్‌వర్క్ జాక్‌లు, చాలావరకు ఫైళ్ల బీరువాల వెనక ఉన్నాయి, వాటిని జరపడానికి పూట పడుతుంది, 11వ తేదీ మీద పడుతోంది. నిజానికి ఆ పరీక్ష చెప్పింది ఆ తీగ 100కి సరిపోతుందని మాత్రమే. దేనికైనా సరిపోతుందని నేను చదువుకున్నాను.

అప్పటికి తెలిసింది ఒకటే: 100 మీద కలుస్తోంది, గిగాబిట్ మీద కలవడం లేదు. అలాంటప్పుడు 100 మీదే నిలబెడితే తేదీ గట్టెక్కుతుంది కదా అనిపించింది. ఐదు కంప్యూటర్లలోనూ ల్యాన్ కార్డ్ సెట్టింగుల్లోకి వెళ్లి, ఆటో తీసేసి 100 ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి పంపడం, అందుకోవడం) అని బిగించాను. ఐదు దీపాలూ పసుపు వెలిగాయి. స్లీప్‌లో పెట్టి లేపాను, తెగలేదు. సర్వర్ పలుకుతోందా అని చిన్న ప్యాకెట్లు పంపి చూశాను, అంటే పింగ్ కొట్టాను, ఒక్కటీ పోలేదు. సంతృప్తిగా ఇంటికెళ్లిపోయాను.

ఆ ఉపాయం ఎందుకు బెడిసింది

మర్నాడు పదిన్నరకే ఫోన్. కనెక్షన్ పోవడం లేదు, కానీ ట్యాలీ కంపెనీ తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోందట. వెళ్లి సుమారు 300 ఎంబీల బ్యాకప్ ఫైల్ ఒకటి సర్వర్ నుంచి కాపీ పెట్టాను. 100 ఎంబీపీఎస్ లైన్ మీద సెకనుకి 11 ఎంబీల దాకా రావాలి, అర నిమిషంలో అయిపోవాలి. పది నిమిషాలు దాటినా పూర్తి కాలేదు. పింగ్ మాత్రం ఇప్పుడూ శుభ్రంగా ఉంది.

అప్పుడు వెలిగింది. ఆటోలో ఉన్నప్పుడు రెండు చివర్లూ ఒకదానికొకటి తమకేం చేతనవునో చెప్పుకుని ఒప్పందానికి వస్తాయి. కంప్యూటర్‌లో వేగం చేత్తో బిగిస్తే ఈ కార్డు ఇక ఆ సంప్రదింపు చేయదు. స్విచ్ ఇంకా ఆటోలోనే ఉంది. అవతల నుంచి వచ్చే సిగ్నల్ తీరుని బట్టి వేగం 100 అని స్విచ్ కనిపెట్టగలదు, కానీ డూప్లెక్స్ ఏమిటో కనిపెట్టలేదు. తెలియనప్పుడు హాఫ్ డూప్లెక్స్ అనుకోవాలన్నది నియమం. దాంతో కంప్యూటర్ ఒకేసారి రెండు వైపులా మాట్లాడుతుంది, స్విచ్ ఒకరి తర్వాత ఒకరు అనుకుంటుంది. తను పంపుతుండగా అవతల నుంచి ఏదైనా వస్తే స్విచ్ దాన్ని ఢీకొన్నట్టుగా లెక్కేసి, పంపుతున్న దాన్ని మధ్యలో వదిలేస్తుంది. పింగ్ అంటే చిన్న ప్యాకెట్ వెళ్లడం, జవాబు రావడం. రెండూ ఒకేసారి ఎదురుపడవు కాబట్టి అక్కడ తప్పు కనబడదు. పెద్ద ఫైల్ కదిలితేనే కనబడుతుంది.

వాళ్ల స్విచ్ సెట్టింగులు లేని సాదా రకం, కాబట్టి అటువైపు కూడా బిగించే దారి లేదు. ఐదింటినీ తిరిగి ఆటోలోకి మార్చేశాను. నేను పెట్టిన రోగం తీరింది, అసలు రోగం మళ్లీ పైకొచ్చింది.

తీగల లెక్క

ఈసారి పరీక్షలు ఆపి, 100కీ గిగాబిట్‌కీ తీగలో తేడా ఏమిటో మొదటి నుంచి ఆలోచించాను. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 1995 నాటి 100 ఎంబీపీఎస్ పద్ధతి వాటిలో రెండు జతలే వాడుతుంది, ప్లగ్‌లో 1, 2, 3, 6 స్థానాలవి. 4, 5, 7, 8 ఉన్నా లేకపోయినా దానికి పట్టదు. 1999లో వచ్చిన గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఇంకో సంగతి ఏమిటంటే, వేగం మీద సంప్రదింపు మాత్రం గిగాబిట్‌కైనా ఆ 1, 2, 3, 6 మీదే జరుగుతుంది. అంటే నాలుగు తీగలే ఉన్న లైన్‌లో రెండు గిగాబిట్ పరికరాలు శుభ్రంగా మాట్లాడుకుని, గిగాబిట్‌కే ఒప్పుకుని, తీరా మొదలుపెట్టేసరికి మిగతా నాలుగు తీగలు లేక పడిపోతాయి. మళ్లీ సంప్రదింపు, మళ్లీ పడిపోవడం. కొన్ని కార్డులు కొన్నిసార్లు ఓడిపోయాక వాటంతటవే 100కి దిగుతాయి. మనవాళ్లకి అప్పుడప్పుడు కలిసింది అలాగే. కంప్యూటర్ స్లీప్ నుంచి లేచిన ప్రతిసారీ కథ మొదటికి.

రెండు చివర్లలో ఏ ఒక్కటి 100 రకమైనా గిగాబిట్ ప్రస్తావనే రాదు. సంక్రాంతి నుంచి మే దాకా కొత్త కంప్యూటర్లు బాగా నడిచింది 100 రకం పాత స్విచ్ వల్ల. పాత కంప్యూటర్లు ఇప్పటికీ నడుస్తున్నది తమ కార్డు వల్ల. ఆ యూఎస్‌బీ అడాప్టర్ కలిసిందీ అందుకే. బోర్డులు వారంటీకి పంపకుండా ఆ పూటే షాపు వాళ్లకి ఫోన్ చేసి ఆపించాను.

ఇక బీరువా జరపక తప్పలేదు. టెస్టర్ ఒక చివర ఐఓ బాక్స్‌లో, రెండో చివర స్విచ్ దగ్గర ప్లగ్‌కి పెట్టాం. 1, 2, 3 వెలిగాయి. 4, 5 చీకటి. 6 వెలిగింది. 7, 8 చీకటి. రెండో సీటు, మూడో సీటు అన్నీ అంతే. ఎలుకలు కొరికాయేమో అన్నారు ఆఫీసులో. ఎలుక అన్ని కేబుళ్లలోనూ అవే నాలుగు తీగలు ఏరి కొరకదు. ఇది మనిషి చేసిన పని.

స్విచ్ వెనక గోడలోంచి పైపు బయటికొచ్చే చోట టార్చి వేసి కేబుళ్లు లెక్కపెట్టాను. ఎనిమిది. స్విచ్‌లో సీట్ల తాలూకు ప్లగ్గులు పన్నెండు. మళ్లీ లెక్కపెట్టాను, ఎనిమిదే.

పైపు నోటి నుంచి స్విచ్ దాకా తెల్ల కేసింగ్ పట్టీ ఉంది. మూత ఊడదీస్తే నాలుగు కేబుళ్ల మీద నల్ల టేపు ఉండలు కనబడ్డాయి. ఒకటి విప్పాను. కేబుల్ పై తొడుగు జానెడు పొడవు ఒలిచేసి ఉంది. నారింజ, ఆకుపచ్చ జతలు తిన్నగా ఒక ప్లగ్‌కి వెళ్లాయి. నీలం, గోధుమ జతలు పొట్టిగా ఉండటంతో వాటికి ఇంకో కేబుల్ ముక్క మెలిపెట్టి అతికి రెండో ప్లగ్‌కి ఇచ్చారు. మెలిపెట్టిన చోట రాగి మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. మన సముద్రపు గాలికి తెరిచి ఉంచిన రాగి అలా కాక ఇంకెలా ఉంటుంది! గోడ దగ్గర కూడా ఇదే ఏర్పాటు. ఒకే కేబుల్, పక్కపక్కన రెండు జాక్‌లు, ఒక్కోదానికి నాలుగు తీగలు.

ఎప్పుడో సీట్లు పెరిగినప్పుడు పైపులో ఇంకో కేబుల్ పట్టక, ఎవరో ఒక్క కేబుల్‌లో రెండు కనెక్షన్లు ఇచ్చారు. 100 ఎంబీపీఎస్ రోజుల్లో మన ఊళ్లలో చాలామంది చేసిన పనే ఇది, ఆ రోజుకి అది నడిచింది కూడా. చేసినతన్ని నేను తప్పుపట్టను. ఎక్కడా రాసిపెట్టకపోవడం మాత్రం తప్పు.

లెక్క సరిపోయింది. నాలుగు కేబుళ్లు ఎనిమిది సీట్లకి, మిగతా నాలుగు తలా ఒక సీటుకి. పంచుకున్న ఎనిమిది సీట్లలో ఐదింట్లో కొత్తవి, మూడింట్లో పాతవి. చెడినవి సరిగ్గా ఆ ఐదే.

తేదీ గట్టెక్కించింది ఏమిటి

జబ్బు తెలిసింది, కానీ కొత్త కేబుల్ లాగాలంటే ఆఫీసు ఒక రోజు ఆగాలి. అది 20 దాటేదాకా కుదరదు. గూట్లో పడేసిన పాత స్విచ్ తెప్పించాను. 16లో 12 పోర్టులు బతికే ఉన్నాయి. చచ్చిన పోర్టులకి టేపు అంటించి, పంచుకున్న ఎనిమిది కనెక్షన్లనీ దానికి మార్చి, అక్కణ్ణుంచి కొత్త స్విచ్‌కి ఒక కేబుల్ ఇచ్చాను. పిడుగు దెబ్బ తిన్న స్విచ్‌ని నమ్మడం నాకు మనస్కరించలేదు. అయినా ఇక్కడ రెండు వైపులా ఆటోలోనే ఉండి, నిజాయితీగా 100 ఫుల్ డూప్లెక్స్‌కి ఒప్పుకుంటాయి. నేను ముందు చేసిన బలవంతానికీ దీనికీ అదే తేడా. అదే బ్యాకప్ ఫైల్ ఈసారి అర నిమిషంలో వచ్చింది. 11, 20 రెండు తేదీలూ దాని మీదే గడిచాయి.

ఆదివారం పని

20 తర్వాత వచ్చిన ఆదివారం నేనూ, నాతో పనిచేసే కుర్రాడూ వెళ్లాం. ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది: పాత కేబుళ్లనే ఎనిమిది తీగలతో వాడాలా, అన్నీ తీసేసి కొత్తవి వేయాలా? తొడుగు మీద కేబుల్ రకం క్యాట్5ఈ అని అచ్చు ఉంది. గిగాబిట్‌కి అది 100 మీటర్ల దాకా చాలు, ఇక్కడ అన్నిటికన్నా పొడవైంది 30 మీటర్లు కూడా లేదు. ఇక తీగ అసలు రాగా, పైన రాగి పూత వేసిన అల్యూమినియమా? బ్లేడుతో తీగ కొనని గీకితే అల్యూమినియం తెల్లగా బయటపడుతుంది. ఇవి లోపలిదాకా ఎర్రగానే ఉన్నాయి. కాబట్టి వాటిని ఉంచాను. చిలుము పట్టిన అతుకులన్నీ కోసేసి, ఒక్కో కేబుల్‌నీ ఎనిమిది తీగలతో ఒకే సీటుకి ఇచ్చాను. స్విచ్ వైపు పొడవు చాలని వాటికి గోడ దగ్గరే జాక్ పెట్టి, అక్కణ్ణుంచి ప్యాచ్ కార్డ్ వేశాను. మళ్లీ మెలిపెట్టి అతకడం మాత్రం చేయలేదు. జతగా ఉన్న రెండో సీట్లకి మూడు కొత్త క్యాట్6 కేబుళ్లు, పైపు జోలికి పోకుండా తలుపుల పై నుంచి కేసింగ్‌లో లాగాం. కరెంటు వైర్లకి దూరంగా పెట్టి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించాం.

ఒక సీటు దగ్గర మళ్లీ ఆగాల్సి వచ్చింది. టెస్టర్‌లో ఎనిమిదీ వరసగా వెలిగాయి, గిగాబిట్ కలిసింది, కానీ కాపీ ఆగి ఆగి సాగుతోంది. ప్లగ్‌ని కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తే, కుర్రాడు జతలను 1-2, 3-4, 5-6, 7-8గా పక్కపక్కన పేర్చాడు, రెండు చివర్లా అలాగే. టెస్టర్‌కి కావాల్సింది ఒకటో తీగ ఒకటికి చేరడమే. కానీ 3, 6 స్థానాల్లో ఒకే జత ఉండాలి, 4, 5లో ఇంకో జత. జతలోని రెండు తీగలూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఉండే మెలి వల్లే ఒక జత సిగ్నల్ ఇంకో జతలోకి కారకుండా ఉంటుంది. వాడిని పక్కన కూర్చోబెట్టి, తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ అని నాలుగుసార్లు పేర్పించాను. కొత్త ప్లగ్గులు వాడే కొట్టాడు, కాపీ సాఫీగా పరిగెత్తింది.

అప్పగించే ముందు ప్రతి సీటు దగ్గరా మూడు చూశాను. కనెక్షన్ వేగం ఎంతని చూపిస్తోంది, ఆ బ్యాకప్ ఫైల్ అటూ ఇటూ ఎంతసేపట్లో వెళ్తోంది, మూడుసార్లు స్లీప్‌లో పెట్టి లేపితే కలుస్తోందా. కొత్త కంప్యూటర్లలో ఆ ఫైల్ నాలుగైదు సెకన్లకి దిగింది. ఇప్పుడు ఏ ఆఫీసుకి వెళ్లినా కనెక్షన్ తెగుతోందంటే పింగ్ కంటే ముందు కేబుళ్లూ ప్లగ్గులూ లెక్కపెడుతున్నాను. ఏది ఎప్పుడు మారిందని ముందు అడుగుతున్నాను, చెప్పింది గుమస్తాగారైనా సరే, ఆ మాట పుస్తకంలో మొదటి వరసలో రాసుకుంటున్నాను.

వెనక గది కేబుల్ ఒకటి అలాగే ఉంచేశాను. ఆ గదికి పోవాలంటే దళసరి గోడకి కన్నం వేయాలి, ఇంటి యజమాని ఇంకా ఒప్పుకోలేదు. దానికున్న రెండు సీట్లలోనూ పాత కంప్యూటర్లే కాబట్టి ఈ రోజుకి ఇబ్బంది లేదు. అతుకు మాత్రం కోసి శుభ్రంగా జాక్‌లోకి దిగ్గొట్టాను. రెండు జాక్‌ల మీదా, స్విచ్ దగ్గర రెండు ప్లగ్గుల మీదా ఎర్ర స్కెచ్‌తో రాసి అంటించాను: "ఒకే కేబుల్, రెండు కనెక్షన్లు, నాలుగేసి తీగలు. ఇక్కడ కొత్త కంప్యూటర్ పెట్టే ముందు కేబుల్ వేయించాలి." గుమస్తాగారు కళ్లజోడు పెట్టుకుని చదివి, తేదీ కూడా వేయమన్నారు. వేశాను.